టర్బో ఇంజనుకు బయటి కాయిల్: వాదాలు, లెక్కలు, తేలనివి

టర్బో పెట్రోలు కారు కొన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు వినపడే సలహా ఒకటుంది: "కంపెనీ కాయిల్స్ తీసేసి మంచి బయటి కాయిల్స్ వేయించండి, పికప్ పెరుగుతుంది." దానికి అంతే తడుముకోకుండా వచ్చే జవాబూ ఉంది: "దండగ ఖర్చు. ప్లగ్‌లో స్పార్క్ పడుతోందా లేదా, అంతే చూడాలి." ఈ రెండు మాటల మధ్య వాదం ఏళ్లుగా నలుగుతోంది. జపాన్, జర్మనీ, అమెరికా కార్లను సవరించేవాళ్లు, విడిభాగాల కంపెనీలు, సర్వీసు సెంటర్లు, ప్రయోగశాలల్లో పనిచేసే ఇంజనీర్లు అందరూ ఇందులో ఉన్నారు. ఎవరి కొలత వారిది. ఒకరు గుర్రపుశక్తిని లెక్కపెడితే ఇంకొకరు మిస్సింగ్ (అప్పుడప్పుడూ మిశ్రమం అంటుకోకపోవడం) పోయిందా అని చూస్తారు. మరొకరికి వారంటీ ముఖ్యం. ఒకే ప్రశ్నలా కనిపించేది నిజానికి నాలుగైదు ప్రశ్నల ముడి. దాన్ని విప్పి చూస్తే కొన్ని సంగతులు ఎప్పుడో తేలిపోయాయనీ, కొన్ని ఇంకా తేలలేదనీ తెలుస్తుంది.

కాయిల్ పనేమిటి

ఇగ్నిషన్ కాయిల్ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్. ఇనుప కోర్ మీద లావు తీగతో ప్రైమరీ చుట్లు, సన్నని తీగతో దానికి సుమారు వంద రెట్లు సెకండరీ చుట్లు ఉంటాయి. బ్యాటరీ కరెంటు ప్రైమరీలో కొన్ని మిల్లీసెకన్లు పారి, అయస్కాంత క్షేత్రంగా నిల్వ చేరుతుంది. ఆ వ్యవధిని డ్వెల్ అంటారు. సరైన క్షణంలో కరెంటును టక్కున తెంపగానే క్షేత్రం కూలిపోతుంది. ప్రైమరీలో మూడు నాలుగు వందల వోల్టులు పుడతాయి. సెకండరీలో అది 30, 40 వేల వోల్టుల దాకా పోగలదు.

పోగలదు అంటే ప్రతిసారీ పోతుందని కాదు. ప్లగ్ గ్యాప్‌లోని వాయువు ఏ వోల్టేజి దగ్గర లొంగితే అక్కడితో ఆ పెరుగుదల ఆగిపోతుంది. కాయిల్ సామర్థ్యం నిచ్చెన పొడవు లాంటిది. అటక ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటే ఇరవై అడుగుల నిచ్చెన వేసినా ఎక్కేది ఎనిమిది అడుగులే. 12 వేల వోల్టులకే స్పార్క్ పడే ఇంజన్‌లో 40 వేలని డబ్బా మీద రాసిన కాయిల్ పెట్టినా పడేది 12 వేల దగ్గరే. అమ్మకపు ప్రకటనల్లో సగం ఈ ఒక్క సంగతితో తేలిపోతాయి.

మిగతా సగం శక్తి లెక్క దగ్గర తేలతాయి. పెట్రోలు ఆవిరి, గాలి సరైన పాళ్లలో కలిసి, అలజడి లేకుండా ఉంటే అంటుకోవడానికి ఒక మిల్లీజౌల్ కూడా అక్కర్లేదు. ఈనాటి కాయిల్స్ సాధారణంగా కొన్ని పదుల మిల్లీజౌళ్లు నిల్వ చేస్తాయి. అంత అదనం ఎందుకంటే సిలిండర్ లోపల అలజడి లేని క్షణం ఉండదు. పాళ్లూ ప్రతిచోటా ఒకేలా ఉండవు.

పాయింట్ల కాలం నుంచి ప్లగ్ నెత్తిన కాయిల్ దాకా

చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ, కాయిల్, పాయింట్ల పద్ధతి 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇంజన్‌కంతటికీ ఒకే కాయిల్. డిస్ట్రిబ్యూటర్ దాన్ని సిలిండర్లకు పంచేది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే ఆ ఒక్క కాయిల్ 5 మిల్లీసెకన్లకో స్పార్క్ ఇవ్వాలి. నిండేందుకు సమయం చాలదు. వేగం పెరిగేకొద్దీ స్పార్క్ బక్కచిక్కేది. అందుకే ఆ రోజుల్లో పెద్ద కాయిల్ వేస్తే బండి నిజంగానే మెరుగయ్యేది. అమెరికాలో ఎమ్ఎస్‌డీ కంపెనీ కెపాసిటర్‌తో నడిచే పెట్టెలు తెచ్చి, తక్కువ వేగంలో ఒక్కో దహనానికి పలుమార్లు స్పార్క్ ఇప్పించింది. ఆ పలు స్పార్కులు సుమారు 3000 ఆర్‌పీఎమ్ దాటాక ఒక్కటైపోతాయి. కాయిల్ మారిస్తే పవర్ వస్తుందన్న నమ్మకం పుట్టింది ఆ కాలంలోనే. ఆ నమ్మకానికి ఆధారమైన సాంకేతిక పరిస్థితి పోయింది, నమ్మకం మాత్రం ఉండిపోయింది.

పరిస్థితిని మార్చినవాటిలో స్వీడన్‌కు చెందిన సాబ్ ఒకటి. 1980ల చివర్లో 9000 టర్బోలో డిస్ట్రిబ్యూటర్ తీసేసి, ప్రతి ప్లగ్ మీదా ఒక కాయిల్ కూర్చునే క్యాసెట్ పెట్టింది. తర్వాత వచ్చిన ట్రయోనిక్ వ్యవస్థలో స్పార్క్ ఆరాక అదే ప్లగ్ గుండా అయాన్ల కరెంటును కొలిచి, నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) ఉందా లేదా అని ఇంజన్ కంప్యూటర్ పసిగట్టేది. అంటే ఆ కారులో కాయిల్ క్యాసెట్ ఒక సెన్సర్ కూడా. బయటి క్యాసెట్ వేస్తే స్పార్క్ బాగానే పడొచ్చు, కానీ కంప్యూటర్‌కు చేరే కబురు చెడిపోవచ్చు. నేటి చర్చల్లో అరుదుగా వినిపించే హెచ్చరిక ఇది.

ప్లగ్‌కో కాయిల్ వచ్చాక 6000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో కాయిల్‌కు 20 మిల్లీసెకన్ల తీరిక దొరికింది. పాత ఇబ్బంది పోయింది. కొత్తది వచ్చింది: కాయిల్ ఇప్పుడు సిలిండర్ హెడ్ మీద, వేడిలో, అదురులో కూర్చుంటుంది. ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలోని 1.8 లీటర్ల 20 వాల్వుల టర్బో దీనికి పేరుమోసిన ఉదాహరణ. కాయిల్స్ వరసగా పోతుండటంతో 2003లో ఆ కంపెనీలు అమెరికాలో ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది. 2000ల మధ్యలో మన దేశంలో అమ్ముడైన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్‌లోనూ 1.8 టర్బోనే ఉంది. కంపెనీ కాయిల్ మీద నమ్మకం సడలడానికీ, బయటి కాయిల్స్‌కు బజారు పెరగడానికీ ఆ ఉదంతం ఎంతో కారణం.

టర్బో ఏం మారుస్తుంది

1889లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ చూపిన సూత్రం ఈ వివాదమంతటికీ పునాది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య స్పార్క్ పడేందుకు కావలసిన వోల్టేజి, వాయు పీడనాన్ని గ్యాప్‌తో గుణిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది. ఇంజన్‌లోని పరిస్థితుల్లో ఆ విలువ పెరిగితే వోల్టేజీ పెరగాలి. టర్బో ఒక బార్ బూస్ట్ ఇస్తే సిలిండర్‌లోకి వెళ్లే గాలి పీడనం దాదాపు రెట్టింపు. స్పార్క్ పడే క్షణంలో లోపలి సాంద్రతా ఆ మేరకే పెరుగుతుంది. మామూలు ఇంజన్‌లో పది పదిహేను వేల వోల్టులతో సరిపోయేది, గట్టి బూస్ట్‌లో పాతిక వేలు దాటొచ్చు.

దీనికి మరో రెండు తోడవుతాయి. నాకింగ్ రాకుండా బూస్ట్‌లో టైమింగ్ వెనక్కి తగ్గిస్తారు. అప్పుడు పిస్టన్ పైకి ఇంకా దగ్గరగా వచ్చాక స్పార్క్ పడాలి. అంటే పీడనం అత్యధికంగా ఉండే చోటుకే దాన్ని తోసినట్లు. రెండోది లోపలి గాలి వేగం. అది స్పార్క్‌ను వంచి, సాగదీసి, ఒక్కోసారి ఆర్పేస్తుంది. అందుకే టర్బో ఇంజన్ మిస్ కొట్టేది సాధారణంగా రెడ్‌లైన్ దగ్గర కాదు. పై గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, టార్క్ శిఖరానికి చేరే మధ్య వేగాల్లో. సిలిండర్ అప్పుడే నిండుగా ఉంటుంది. జర్కు ఎక్కడ వస్తోందో సరిగ్గా చెప్పగలిగిన యజమాని సగం రోగనిర్ధారణ చేసినట్లే.

నాలుగు దారులు

మొదటిది ఒరిజినల్ వాదం. సర్వీసు సెంటర్లదీ, కాస్త జాగ్రత్తపరులైన మెకానిక్‌లదీ ఇదే మాట. కంపెనీ తన ఇంజన్‌కు కావలసినదానికంటే మిగులుతోనే కాయిల్ ఎంచుకుంటుంది. పవర్ మార్చని ఇంజన్‌లో మిస్సింగ్ వస్తే కాయిల్ చెడిందని అర్థం, చిన్నదని కాదు. కొత్త కంపెనీ కాయిల్ వేస్తే చాలు. ఈ వాదానికి భౌతికశాస్త్రం అండ ఉంది. మంట ఒకసారి పట్టుకున్నాక ఎంత వేగంగా పాకుతుందన్నది పాళ్లు, పీడనం, లోపలి సుడి తేలుస్తాయి. అంతకుముందే ప్రతి దహనమూ సవ్యంగా జరుగుతుంటే కాయిల్ మార్చినందువల్ల చెప్పుకోదగ్గ గుర్రపుశక్తి పెరిగే దారే లేదు. పవర్ కొలిచే డైనో మీద కొత్త కాయిల్స్‌తో పది గుర్రాలు కనిపించాయంటే, పాతవాటితో ఆ ఇంజన్ లోలోపల మిస్ అవుతూ ఉండిందని ముందుగా అనుమానించాలి.

రెండోది గ్యాప్ వాదం. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌లోని పట్టికలు మార్చడం) చేసేవాళ్లలో చాలామంది దీనివైపే. కాయిల్ జోలికి పోకుండా ప్లగ్ గ్యాప్‌ను 0.8 మిల్లీమీటర్ల నుంచి 0.6కు తగ్గిస్తారు, ఒక మెట్టు చల్లని ప్లగ్ వేస్తారు. పాషెన్ లెక్కన గ్యాప్ పావు వంతు తగ్గితే అడిగే వోల్టేజి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఖర్చు ప్లగ్స్‌దే. నష్టమేమిటంటే చిన్న గ్యాప్‌లో పుట్టిన నిప్పుకణిక తన వేడిని ఎలక్ట్రోడ్లకే ఎక్కువగా పోగొట్టుకుంటుంది. ఐడ్లింగ్ కాస్త గరుకుగా ఉండొచ్చు, చలిలో స్టార్టింగ్ మొండికేయొచ్చు. ఎంత తగ్గిస్తే ఎంత నష్టమన్నది ఇంజన్‌ను బట్టి మారుతుంది.

మూడోది అరువు కాయిల్ వాదం. వేరే పెద్ద కారులో కంపెనీయే వాడిన కాయిల్‌ను తెచ్చి తన ఇంజన్‌లో వేయడం. ఫోక్స్‌వాగన్, ఆడి టర్బోల్లో ఆర్8 పేరుతో చెలామణీ అయ్యే ఎరుపు టోపీ కాయిల్స్, నిస్సాన్ స్కైలైన్ ఆర్‌బీ26 ఇంజన్‌లో ఆర్35 జీటీ-ఆర్ కాయిల్స్ ఈ కోవలోవి. జీటీ-ఆర్ మార్పిడికి గట్టి కారణమే ఉంది. 1989లో వచ్చిన ఆర్32 స్కైలైన్‌లో కాయిల్స్ ఒకచోట, వాటిని నడిపే ఇగ్నైటర్ వేరొకచోట ఉండేవి. రెండూ ముసలివైపోయాయి. ఆర్35 కాయిల్ లోపలే ఇగ్నైటర్ ఉంటుంది. ఎరుపు టోపీ సంగతి అలా కాదు. సవ్యంగా ఉన్న నల్ల టోపీ కంపెనీ కాయిల్ తీసి దాన్ని పెడితే పవర్ పెరుగుతుందని నమ్మడానికి సరైన కారణం కనిపించదు. పైగా రంగు చూసి కొనే బజారులో నకిలీలు దూరడం అన్నింటికంటే తేలిక.

నాలుగోది శక్తి వాదం. వంద మిల్లీజౌళ్లు దాటే స్మార్ట్ కాయిల్స్, వాటికి విడి వైరింగ్, సొంతంగా ప్రోగ్రామ్ చేసుకునే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్). రేసు బళ్లలో, రెండు బార్లకు మించిన బూస్ట్‌లో, ఇథనాల్ ఎక్కువ పాలున్న ఇంధనం కాల్చేచోట దీన్ని కాదనేవాళ్లు తక్కువ. అయితే ఇక్కడ కాయిల్ ఒక్కటే మారదు. దాని చుట్టూ ఉన్న వ్యవస్థంతా మారుతుంది. వ్యవస్థ మారాలన్న మాటను వదిలేసి కాయిల్ గొప్పను మాత్రమే బజారు ప్రచారం చేస్తుంది.

డ్వెల్ దగ్గర తప్పే లెక్క

నాలుగు వాదాలూ తగువు పడే అసలు చోటు ఇదే కాబట్టి కాస్త ఆగి చూడాలి. కాయిల్‌లో నిల్వయ్యే శక్తి, దాని ఇండక్టెన్స్‌ను కరెంటు వర్గంతో గుణించి సగం చేస్తే వస్తుంది. వినడానికి ఇండక్టెన్స్ ఎక్కువైతే శక్తీ ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ కరెంటు ఎంత వేగంగా ఎక్కుతుందో తేల్చేదీ ఇండక్టెన్సే. అది రెట్టింపైతే అంతే డ్వెల్‌లో కరెంటు సగమే ఎక్కుతుంది. సగం కరెంటు వర్గం నాలుగో వంతు. రెట్టింపు ఇండక్టెన్స్‌తో గుణిస్తే చివరికి మిగిలేది మునుపటి శక్తిలో సగం. కంపెనీ ఈసీయూ పాత కాయిల్‌కు రాసిపెట్టిన డ్వెల్ పట్టికనే పాటిస్తుంది. కాయిల్ మారిందని దానికెవరూ చెప్పలేదు. అలా పెద్ద కాయిల్ పెట్టించుకున్న కారు, పాతదానికంటే బలహీనమైన స్పార్క్‌తో తిరగడం సాధ్యమే.

తిరగేసి చూస్తే ఇంకో ప్రమాదం. ప్రైమరీ నిరోధమూ ఇండక్టెన్సూ తక్కువున్న కాయిల్ అదే డ్వెల్‌లో ఎక్కువ కరెంటు లాగుతుంది. కోర్ అయస్కాంతంగా నిండిపోయాక అదనపు కరెంటు స్పార్క్‌కు పనికిరాదు, వేడిగా పోతుంది. ఆ వేడి కాయిల్‌లోని ఎపాక్సీని పగలగొడుతుంది. లేదా ఇగ్నైటర్ ట్రాన్సిస్టర్‌ను కాల్చేస్తుంది. కొన్ని కార్లలో ఆ ట్రాన్సిస్టర్ ఈసీయూ లోపలే ఉంటుంది. కాయిల్ మెరుగుపరచబోయి కంప్యూటర్ పోగొట్టుకోవడం అలాగే జరుగుతుంది.

డ్వెల్ బ్యాటరీ వోల్టేజిని బట్టి కూడా మారాలి. 14 వోల్టుల దగ్గర సరిపోయే సమయం 11 దగ్గర చాలదు. కాబట్టి నిజమైన అప్‌గ్రేడ్ అంటే కాయిల్‌తో పాటు దాని తయారీదారు ఇచ్చిన డ్వెల్ పట్టికను ఈసీయూలో ఎక్కించడం. పట్టిక ఇవ్వని కాయిల్‌కు ఎంత పేరున్నా అది అప్‌గ్రేడ్ కాదు, అంచనా మాత్రమే. ప్లగ్గు మార్చినంత సులువుగా నొక్కిపెడితే చాలు అని అమ్మే రకాలన్నిటికీ ఈ ఇబ్బంది ఉంది. వాటి ఇండక్టెన్స్ కంపెనీ కాయిల్‌తో సమానమైతే పనిచేస్తాయి, కానీ అప్పుడు పెద్ద తేడా ఇవ్వవు. సమానం కాకపోతే తేడా వస్తుంది. ఏ వైపు అన్నది మాత్రం అదృష్టం.

పక్కపక్కన పెడితే

పవర్ మార్చని ఇంజన్‌లో కొత్త కంపెనీ కాయిల్, కొత్త ప్లగ్స్ జతను మించిన మందు లేదు. అరిగిన ప్లగ్‌లో గ్యాప్ పెరిగి, అడిగే వోల్టేజి పెరిగి, మంచి కాయిల్‌ను కూడా చంపుతుంది. ఒక్క కాయిల్ మార్చి పాత ప్లగ్ అలాగే వదిలేయడం అందుకే తప్పు. మామూలు రీమ్యాప్ వేసిన బండికి గ్యాప్ తగ్గించడమే చౌకైన, ముందుగా చేయాల్సిన పని. పాతబడి సామాను దొరకని ఇంజన్లకు అరువు కాయిల్స్ మంచి దారి, కనెక్టర్, కొలతలు, ఇగ్నైటర్ సరిపోయినంతవరకు. స్మార్ట్ కాయిల్స్ అవసరం భారీ బూస్ట్‌లోనే, అదీ ఈసీయూ మీద పట్టు ఉన్నవాళ్లకే. కెపాసిటర్ పెట్టెలు డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజన్లకు ఇప్పటికీ పనికొస్తాయి, కానీ ప్లగ్‌కో కాయిల్ ఉన్న రోడ్డు కారులో వాటి లాభం చూపించడం కష్టం.

ఇంకా తేలనివి

స్పార్క్ బలంగా కొద్దిసేపు ఉండాలా, మెల్లగా ఎక్కువసేపు ఉండాలా? కెపాసిటర్ పద్ధతి మొదటిది ఇస్తుంది. వోల్టేజి చటుక్కున ఎక్కుతుంది కాబట్టి మసి పట్టిన ప్లగ్‌ను కూడా దాటేస్తుంది. మామూలు కాయిల్ రెండోది ఇస్తుంది, పాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్న మిశ్రమానికి అంటుకునే అవకాశం ఎక్కువ. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చల్లే టర్బోల్లో ఏది మేలన్నది ఒక్క మాటలో తేలదు.

ఎక్కువ శక్తికి నిజంగా చోటున్నది పలచని మిశ్రమాల్లో, పొగను మళ్లీ లోపలికి తిప్పే ఇంజన్లలో. అమెరికాలోని సౌత్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఒక్కో ప్లగ్‌కు రెండు కాయిల్స్ పెట్టి, వాటి కరెంటును విడతలవారీగా తెంపి, స్పార్క్‌ను ఎడతెగకుండా నిలిపే పద్ధతిని అభివృద్ధి చేసింది అందుకోసమే. 2020లో మాసెరాటి నెట్టునో ఇంజన్‌తో మరో దారి పట్టింది. ప్రధాన గది పక్కన చిన్న గదిలో ముందు మంట రాజేసి, ఆ జ్వాలలను లోపలికి చిమ్మడం. కాయిల్ బలం పెంచే పోటీకి ఇదో పక్కదారి.

అన్నిటికంటే తేలనిది కొలతల విషయం. ఇగ్నిషన్ వ్యవస్థను ఎలా కొలవాలో వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ వారి జే973 ప్రమాణం చెబుతుంది. అయినా బయటి కాయిల్ డబ్బాల మీద వోల్టులు కనిపిస్తాయి, ఎప్పుడైనా మిల్లీజౌళ్లూ కనిపిస్తాయి. ఏ డ్వెల్, ఏ బ్యాటరీ వోల్టేజి, ఏ లోడ్ దగ్గర కొలిచారన్నది కనిపించదు. ఆ సంఖ్యలను పోల్చడానికి వీల్లేదు.

చట్టాలు కూడా ఒకలా లేవు. కాలిఫోర్నియాలో ఉద్గారాలపై ప్రభావం చూపగల బయటి విడిభాగానికి అక్కడి గాలి వనరుల బోర్డు మినహాయింపు ఉత్తర్వు ఉండాలి. అక్కడుండే మనవాళ్లు స్మాగ్ పరీక్షకు వెళ్లేముందు చూసుకోవాల్సిన సంగతి ఇది. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం బయటి భాగం వాడినంతమాత్రాన అమెరికాలో వారంటీ రద్దు చేయకూడదు, నష్టం దానివల్లే అని చూపాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దృష్టి ఆర్‌సీలో నమోదైన వివరాలకు తేడా తెచ్చే మార్పుల మీద. కాయిల్ అందులోకి రాదు. కానీ వారంటీ పత్రంలోని షరతులు వేరే.

మన రోడ్ల మీద

2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ వచ్చాక చిన్న టర్బో పెట్రోళ్లు మన ఊళ్లలోనూ మామూలయ్యాయి. రీమ్యాప్ కూడా హైదరాబాద్‌లో వింతేమీ కాదు. వేసవి ఎండ, గంటలకొద్దీ ట్రాఫిక్, మూసిన బానెట్ కింద వేడి ఇవన్నీ కాయిల్ ఆయుష్షును తగ్గించేవే. బీఎస్6 కార్లలో మిస్సింగ్‌ను ఈసీయూ క్రాంక్ వేగంలో తేడాతో పట్టి లైటు వెలిగిస్తుంది. ఆ లైటును పట్టించుకోకుండా తిప్పితే కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలి దాన్ని పాడుచేస్తుంది. దాని ధర ముందు కాయిల్ ధర ఏపాటిది!

మిస్ కొట్టగానే చేయాల్సింది కొనడం కాదు, వెతకడం. స్కానర్‌లో రెండో సిలిండర్ కోడ్ వస్తే ఆ కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చి మళ్లీ చూడాలి. కోడ్ మూడుకు మారితే కాయిల్ దోషం. రెండులోనే ఉంటే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ప్లగ్ గుంటలో ఆయిల్ చేరిందేమో, రబ్బరు బూట్ మీద సన్నని నల్లగీత ఉందేమో చూడాలి. ఆ గీత ఉంటే వోల్టేజి పక్కదారి పడుతున్నట్లే. ఇంత చేశాక కూడా బూస్ట్‌లోనే మిస్సింగ్ మిగిలితే, అప్పుడు గ్యాప్ తగ్గించాలి. దానికీ లొంగకపోతేనే బయటి కాయిల్ మాట.

అప్పుడైనా దుకాణదారుణ్ణి అడగాల్సినవి మూడే: ఏ బ్యాటరీ వోల్టేజి దగ్గర, ఎన్ని మిల్లీసెకన్ల డ్వెల్‌తో, ఎన్ని మిల్లీజౌళ్లు ఇస్తుంది? కాగితం మీద చూపించగలిగితే కొనండి, ఆ పట్టికను రీమ్యాప్ చేసేవాడి చేతికివ్వండి. చూపించలేకపోతే కంపెనీ కాయిల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో ప్లగ్స్ అన్నీ మార్పించుకోండి.